కంప్యూటరు ఖాతా రద్దు : పాటించవలసిన క్రమం

మనిషి ఒక ఊరు విడిచి వెళ్లేటప్పుడు చేయవలసిన పనులకు ఒక వరుస ఉన్నది. బాకీలు తీర్చుకొంటాడు, సామాను సర్దుకొంటాడు, ఇరుగుపొరుగువారితో చెప్పుకొంటాడు, చివరకు ఇంటికి తాళం వేసి తాళపుచెవిని యజమానికి అప్పగిస్తాడు. ఆ ఇంటిని మరొకరికి అద్దెకు ఇవ్వడమన్నది ఆ తరువాతి మాట. లోపల మనిషి భోజనం చేస్తూ ఉండగా ఇల్లు ఖాళీ అని వ్రాసుకొని, అందులోకి మరొకరిని పంపే యజమాని ఎక్కడా ఉండడు. కాని కంప్యూటరు గదులలో ఇటువంటి పని జరుగుతూనే ఉన్నది. వినియోగదారు లోపల పనిచేస్తూ ఉండగానే అతని ఖాతాను తొలగించడం అంటే ఇదే.

తెలుగు బోధించే మేము కంప్యూటరును గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. కారణం చెప్పుకోవలసి ఉన్నది. కళాశాల వార్షిక సంచికలో ఉర్దూ పుటలనూ, తెలుగు పుటలనూ విద్యార్థులే కంప్యూటరుపై కూర్చుతారు. సంచిక బాధ్యత స్వీకరించిన అధ్యాపకుని మీద కంప్యూటరు గది బాధ్యత కూడా వచ్చి పడడం సహజం. మా విషయంలోనూ అట్లే జరిగినది. ఆ బాధ్యతలో ఉండి మేము చేసిన ఒక తప్పు, దానివలన ఒక విద్యార్థినికి కలిగిన నష్టం, ఆ తరువాత మేము నేర్చుకొన్న పాఠం, ఈ మూడూ ఈ వ్యాసానికి ఆధారం.

జరిగిన సంగతి

మేము పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో కంప్యూటరు గది చిన్నది. మధ్యలో ఒక సర్వరు, దానిపై లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, గోడల వెంబడి పన్నెండు పాత కంప్యూటర్లు ఉండేవి. విద్యార్థి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా అతని పని సాగేది సర్వరులోనే. ప్రతి విద్యార్థికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డు, తన ఫైళ్లు దాచుకొనడానికి హోమ్ అనబడే ఒక సొంత ఫోల్డరు ఉండేవి. వీటన్నిటినీ కలిపి ఖాతా అంటాము. ఏటేటా చదువు ముగించి వెళ్లేవారి ఖాతాలను తొలగించి, కొత్తగా చేరేవారికి చోటు కల్పించడం మా పనులలో ఒకటి.

ఒక సంవత్సరం ఏప్రిల్ నెలాఖరున కార్యాలయం నుండి వెళ్లిపోయేవారి జాబితా వచ్చినది. మేము ఒక్కొక్క పేరునే తొలగిస్తూ పోయాము. చివరి పేరు దగ్గర సర్వరు నిరాకరించినది. ఈ వినియోగదారును ఫలానా సంఖ్య గల ప్రక్రియ వాడుకొంటున్నదని తెరమీద ఒక వాక్యం కనిపించినది. అది మాకు యంత్రపు మొండితనంగా తోచినది. బలవంతంగా తొలగించే మార్గం ఒకటి ఉన్నదని అంతకుముందు చదివి ఉన్నాము. ఆ మార్గమే తొక్కాము. హోమ్ ఫోల్డరును కూడా దానితోపాటే చెరిపివేయమని ఆజ్ఞ ఇచ్చాము. సర్వరు ఇక మారు పలుకలేదు.

ఆ పేరు గల విద్యార్థిని అదే గదిలో, కిటికీ పక్కన, మాకు వీపు చేసి కూర్చుని ఉన్నది. ఆమె మరొక కళాశాల నుండి ఆ సంవత్సరం ఆలస్యంగా వచ్చి చివరి సంవత్సరంలో చేరినది. ప్రాజెక్టు నివేదిక ఇంకా సమర్పించలేదు. అయినా వెళ్లిపోయేవారి జాబితాలో ఆమె పేరు చేరినది. తెలుగులో కలిసిపోయిన ఉర్దూ మాటలను ఆమె నాలుగు నెలలుగా సేకరిస్తున్నది. సంతలో, దస్తావేజు లేఖరుల వద్ద, ఇంటి పెద్దల వద్ద అడిగి వ్రాసుకొన్నవి ఆరువందలకు పైగా ఉన్నాయి. ఆ మాటల పట్టిక అంతా ఒకే ఫైలులో ఉన్నది. ఆ ఫైలు అప్పుడు ఆమె ముందు తెరిచి ఉన్నది.

ఒక గంట తరువాత ఆమె లేచి వచ్చి, "సార్, సేవ్ కావడం లేదు" అన్నది.

మేము వెళ్లి చూశాము. తెరమీద పట్టిక అంతా చెక్కుచెదరకుండా ఉన్నది. సేవ్ చేయబోతే మాత్రం ఆ ఫోల్డరే లేదని జవాబు వస్తున్నది. మేము చేసినది ఏమిటో అప్పుడు మాకు తెలిసినది. ఆ తొందరలో రెండవ తప్పు చేశాము. సర్వరును ఒకసారి ఆపి తిరిగి నడిపిస్తే సర్దుకొంటుందేమోనని ఆపివేశాము. మళ్లీ నడిచిన తరువాత ఆమె తన పేరు, పాస్‌వర్డు కొట్టి చూసి, "సార్, నా పేరు తీసుకోవడం లేదు" అన్నది.

ఆమె నోటుపుస్తకంలో సగం మాటలు మాత్రమే మిగిలి ఉన్నాయి. నివేదిక గడువు పది రోజులలో ఉన్నది. ఆ సగంతోనే ఆమె నివేదిక సమర్పించవలసి వచ్చినది.

ఈ కథ ఇక్కడ ముగియలేదు. జూలై నెలలో కొత్తగా చేరిన ఒక విద్యార్థికి ఖాతా తెరిచాము. మరునాడే అతడు వచ్చి, "సార్, పత్రిక ఫోల్డరులో కొన్ని ఫైళ్లు నా పేరుతో ఉన్నాయి. అవి నేను వ్రాసినవి కావు" అన్నాడు. చూస్తే అవి ఆ విద్యార్థిని సంచిక కోసం అందరికీ చెందిన ఫోల్డరులో ఉంచిన ఫైళ్లు. ఆమె పేరు పోయి వాటిమీద ఇతని పేరు వెలసినది. చదవడానికీ, దిద్దడానికీ, చెరపడానికీ అధికారం అంతా ఇతనిదే. కుర్రవాడు నిజాయితీపరుడు కనుక వచ్చి చెప్పినాడు.

ఈ రెండు సంఘటనలకూ మూలం ఒక్కటే. సర్వరు దృష్టిలో మనిషి అంటే పేరు కాదు.

పేరు, సంఖ్య

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు రూపకల్పన ప్రారంభించారు. ఒకే కంప్యూటరును ఒకే సమయంలో అనేకులు పంచుకొని వాడుకొనడానికి అది అనుకూలంగా రూపొందినది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి ప్రారంభించిన లైనక్స్ అదే పద్ధతిని అనుసరించినది. నేడు ప్రపంచంలో అసంఖ్యాకమైన సర్వర్లు దీనిమీదనే నడుస్తున్నాయి.

ఈ పద్ధతిలో వినియోగదారులందరి వివరాలూ పాస్‌డబ్ల్యుడి అనే ఒక చిన్న ఫైలులో ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పంక్తి. ఒక్కొక్క పంక్తిలో ఏడు గడులు. పేరు, పాస్‌వర్డు స్థానం, వినియోగదారు సంఖ్య, వర్గం సంఖ్య, వివరం, హోమ్ ఫోల్డరు, లాగిన్ అయిన వెంటనే నడవవలసిన ప్రోగ్రాము అనేవి ఆ గడులు. అసలు పాస్‌వర్డును గుర్తుపట్టడానికి వీలులేని రూపంలోకి మార్చి షాడో అనే వేరొక ఫైలులో ఉంచుతారు.

వీటిలో మూడవదైన సంఖ్యయే ముఖ్యమైనది. పేరు మనుషుల సౌకర్యం కోసం ఏర్పడినది. ఆపరేటింగ్ సిస్టమ్ హృదయంలో లెక్కకు వచ్చేది సంఖ్య ఒక్కటే. సర్వాధికారి సంఖ్య సున్న. నేటి లైనక్స్ పంపిణీలలో ఎక్కువ భాగం సాధారణ వినియోగదారులకు 1000 నుండి సంఖ్యలు ఇస్తాయి. ఒక ఫైలు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబుగా డిస్కు మీద వ్రాసి ఉండేది పేరు కాదు, సంఖ్య. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ ప్రక్రియ అంటారు. దాని నుదుట వ్రాసి ఉండేది కూడా సంఖ్యయే. మనం ఫైళ్ల జాబితా అడిగినప్పుడు సిస్టమ్ ఆ సంఖ్యను పాస్‌డబ్ల్యుడి ఫైలులో వెదికి, దొరికిన పేరును మనకు చూపుతుంది. పేరు దొరకకపోతే వట్టి సంఖ్యనే చూపుతుంది.

హాజరు పట్టీతో పోల్చి చూస్తే ఇది సులభంగా బోధపడుతుంది. పట్టీలో పేరు కొట్టివేసినంత మాత్రాన తరగతిలో కూర్చున్న విద్యార్థి మాయం కాడు. పట్టీ చూసి పిలిచే అధ్యాపకునికి మాత్రం అతడు లేనట్లే. ఖాతా తొలగింపు ముఖ్యంగా ఈ పట్టీలోని పంక్తిని కొట్టివేయడమే. అప్పటికే నడుస్తున్న ప్రక్రియలు తమ సంఖ్యతో తాము నడుస్తూనే ఉంటాయి. అప్పటికే లోపల ఉన్నవారిని మళ్లీ పాస్‌వర్డు అడిగేవారు లేరు. పాస్‌వర్డు ద్వారం వద్ద అడిగేది. గదిలో కూర్చున్నవారిని అడిగేది కాదు.

ఆ విద్యార్థిని సంఖ్య 1187. ఆలస్యంగా చేరినందువలన అప్పటికి ఉన్న సంఖ్యలలో అదే చివరిది. కొత్త ఖాతా తెరిచే యూజర్‌యాడ్ అనే కమాండు, సంఖ్యను మనం చెప్పకపోతే, ఉన్నవాటన్నిటికంటె పెద్దదైన తరువాతి సంఖ్యను ఇస్తుంది. చివరి సంఖ్య ఖాళీ అయినది కనుక జూలైలో వచ్చిన విద్యార్థికి మళ్లీ 1187 దక్కినది. పత్రిక ఫోల్డరులోని ఫైళ్లమీద ఉన్నది 1187 అనే సంఖ్య. కనుక అవి అతనివైపోయాయి.

దీనికి మరొక ముఖం ఉన్నది. అది ఇంకా ప్రమాదకరమైనది. తొలగించిన ఖాతాకు చెందిన ప్రక్రియ ఒకటి సర్వరులో ఇంకా నడుస్తూ ఉండగా ఆ సంఖ్యను కొత్తవారికి ఇచ్చామనుకొందాము. అప్పుడు వెళ్లిపోయినాడనుకొన్న మనిషి కొత్తవాని ఫైళ్లను చదవగలడు, మార్చగలడు, చెరపగలడు. సిస్టమ్‌కు వారిరువురూ ఒకే మనిషి. రద్దయిన ఖాతా నిర్జీవమైనదని మనం నమ్ముతాము కనుక అటువైపు చూడనైనా చూడము.

చెరిపినా ఉన్న ఫైలు

తెరమీద పట్టిక చెక్కుచెదరకుండా ఉన్నదని పైన చెప్పాము. దాని కారణం కూడా తెలుసుకోదగినది. ఎడిటరు ఫైలును తెరిచినప్పుడు అందులోని పాఠాన్ని కంప్యూటరు జ్ఞాపకశాలలోకి తెచ్చుకొంటుంది. డిస్కు మీది ఫోల్డరు చెరిగిపోయినా జ్ఞాపకశాలలోని పాఠం ఆ ప్రక్రియ బ్రతికి ఉన్నంతవరకు ఉంటుంది. ఆనాడు మేము చేయవలసినది ఒక్కటే. మరొక పేరుతో, అందరికీ చెందిన మరొక ఫోల్డరులో ఆ పట్టికను సేవ్ చేయమని ఆమెకు చెప్పి ఉంటే ఆరువందల మాటలూ దక్కేవి. మేము సర్వరును ఆపి ఆ చివరి ప్రతిని కూడా పోగొట్టాము.

యూనిక్స్ పద్ధతిలో మరొక విశేషం ఉన్నది. ఏదైనా ప్రక్రియ ఒక ఫైలును తెరిచి పట్టుకొని ఉండగా దానిని చెరిపితే ఫోల్డరులోని పేరు మాత్రమే పోతుంది. ఫైలులోని సమాచారం ఆ ప్రక్రియ దానిని వదిలేంతవరకు డిస్కుమీద ఉంటుంది. చోటు కూడా ఖాళీ కాదు. హోమ్ ఫోల్డరు చెరిపినా డిస్కు నిండుగానే ఉన్నదని ఆశ్చర్యపోయేవారు ముందుగా వెదకవలసినది బ్రతికి ఉన్న ప్రక్రియలను. ఇందువలన కూడా ముందు ప్రక్రియలను ముగించి, ఆ తరువాతనే ఫైళ్ల జోలికి పోవలెనని తెలుస్తున్నది.

కనిపించనివారు

గదిలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నంతమాత్రాన ఖాతాలన్నీ ఖాళీగా ఉన్నట్లు కాదు. లాగిన్ అయి ఉన్నవారి పేర్లు చూపడానికి హూ అనే కమాండు ఉన్నది. అది చూపని పనులు ఎన్నో ఉంటాయి. విద్యార్థి ఇంటికి వెళ్లిన తరువాత కూడా నడుస్తూ ఉండేటట్లు నోహప్, స్క్రీన్, టీమక్స్ అనే సాధనాలతో పనిని వదలి వెళ్లవచ్చును. ప్రతి రాత్రి ఒక నిర్ణీత సమయానికి పని జరిగేటట్లు క్రాన్‌కు అప్పగించవచ్చును. ఒకే ఒకసారి ఫలానా గంటకు జరగవలసిన పనిని యాట్‌కు అప్పగించవచ్చును. నేటి లైనక్స్ పంపిణీలలో చాలావాటికి ఆధారమైన సిస్టమ్‌డి, లింగర్ అనే అనుమతి పొందిన వినియోగదారు సేవలను అతడు లాగిన్ కాకున్నా నడిపిస్తుంది. కనుక మనిషి ఉన్నాడా అని చూడడం చాలదు. అతని సంఖ్యతో ఏ ప్రక్రియ అయినా ఉన్నదా అని చూడవలెను. దీనికి పీగ్రెప్, పీఎస్ అనే కమాండ్లు ఉపయోగపడతాయి.

ముందు బర్తరఫు, తరువాత రద్దు

ఆ విద్యార్థిని నివేదికలో మిగిలిన మాటలలో రెండు మాకు ఈ సందర్భంలో చక్కగా ఉపయోగపడ్డాయి. ఒకటి బర్తరఫు, రెండవది రద్దు. రెండూ ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చినవే. బర్తరఫు అన్న మాటకు మూలార్థం పక్కకు పెట్టడం. మనిషిని పనినుండి తప్పిస్తాము; అతని పేరు, అతని లెక్కలు పుస్తకాలలో అట్లే ఉంటాయి. రద్దు అంటే ఆ లెక్కనే కొట్టివేయడం. మన కార్యాలయాలలో బర్తరఫుకూ రద్దుకూ మధ్య విచారణ, అప్పగింత, రసీదు అనేవి ఉంటాయి. కంప్యూటరు ఖాతాకు కూడా సరిగ్గా ఈ వరుసయే క్షేమకరం. మేము చేసిన తప్పు బర్తరఫు లేకుండా రద్దు చేయడం.

ఆ వరుసను ఇప్పుడు విపులంగా వ్రాస్తున్నాము. కమాండ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చినా కంప్యూటరు మీద ఆంగ్లాక్షరాలతోనే కొట్టవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటిది, గుర్తింపు. ఐడి అనే కమాండుతో ఆ పేరుకు గల సంఖ్యను తెలుసుకొని కాగితం మీద వ్రాసుకోవలెను. ఒకే సంఖ్యను రెండు పేర్లు పంచుకొనే అవకాశం ఉన్నది. అట్లు లేదని పాస్‌డబ్ల్యుడి ఫైలులో చూసుకోవలెను. లేకపోతే ఒకరిని ఆపబోయి ఇద్దరిని ఆపుతాము.

రెండవది, తెలియజేయడం. చదువు ముగిసి వెళ్లేవారికి ముందుగా చెప్పి, తమ ఫైళ్ల నకలు తీసుకొనడానికి వ్యవధి ఇవ్వవలెను. దురుపయోగం జరిగినదని గట్టి అనుమానం ఉన్న ఖాతా విషయం వేరు. అక్కడ ముందు ద్వారం మూసి, తరువాత చెప్పడమే మంచిది. ఈ రెండు సందర్భాలనూ కలగాపులగం చేయరాదు. వెళ్లిపోయే విద్యార్థి నేరస్థుడు కాడు.

మూడవది, ద్వారం మూయడం. యూజర్‌మాడ్ అనే కమాండులోని తాళం వేసే ఐచ్ఛికంతో పాస్‌వర్డును నిరర్థకం చేయవచ్చును. పలువురు ఇంతటితో సరిపెట్టుకొంటారు. కాని ఎస్‌ఎస్‌హెచ్ అనే మార్గంలో పాస్‌వర్డు లేకుండానే, ముందుగా ఉంచుకొన్న డిజిటల్ తాళపుచెవితో ప్రవేశించడానికి వీలున్నది. పాస్‌వర్డుకు వేసిన తాళం ఆ దారిని మూయదు. అందుచేత ఖాతాకు గడువు తేదీని కూడా గతించిన తేదీగా నిర్ణయించవలెను. ఆ తేదీ గడిలో 1 అనే అంకె వేయడం ఆచారం. యూనిక్స్ కాలగణన 1970 జనవరి 1 నుండి మొదలవుతుంది కనుక దాని అర్థం 1970 జనవరి 2. ఆనాటికే గడువు తీరిన ఖాతాకు పాస్‌వర్డుతో గాని, తాళపుచెవితో గాని ప్రవేశం ఉండదు. ఇదే బర్తరఫు.

నాల్గవది, అప్పగించిన పనులు తీసివేయడం. క్రాన్‌లోనూ యాట్‌లోనూ ఆ పేరుతో ఉన్న పనులను ముందు నకలు తీసుకొని, తరువాత తొలగించవలెను. లింగర్ అనుమతి ఉంటే ఉపసంహరించవలెను.

ఐదవది, నడుస్తున్న ప్రక్రియలను ముగించడం. ఇందులో రెండు మెట్లు ఉన్నాయి. మొదట టెర్మ్ అనే 15వ సంకేతం పంపవలెను. పని ముగించుకొని వెళ్లమని మర్యాదగా చెప్పడం వంటిది అది. చక్కగా వ్రాసిన ప్రోగ్రాములు ఆ సంకేతం అందగానే చేతిలోని పనిని భద్రపరచి తప్పుకొంటాయి. కొంతసేపు ఆగి, అప్పటికీ మిగిలినవాటికి మాత్రమే కిల్ అనే 9వ సంకేతం పంపవలెను. దానిని తిరస్కరించే హక్కు ఏ ప్రక్రియకూ లేదు. భద్రపరచుకొనే వ్యవధి కూడా లేదు. డిస్కు నుండి జవాబు కోసం నిరీక్షిస్తున్న ప్రక్రియ మాత్రం ఆ జవాబు వచ్చేవరకు కదలకపోవచ్చును. కనుక సంకేతం పంపి ఊరకుండక, పీగ్రెప్‌తో మళ్లీ మళ్లీ చూసి ఒక్కటీ లేదని రుజువు చేసుకోవలెను.

మూడవ మెట్టుకు ముందు ఐదవ మెట్టు ఎక్కరాదని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. ద్వారం తెరిచి ఉంచి లోపలివారిని పంపివేస్తే వారు వెనువెంటనే తిరిగి రాగలరు. మనం ప్రక్రియలను ఆపిన క్షణానికీ, పేరును కొట్టివేసే క్షణానికీ మధ్య గల ఆ కొద్ది వ్యవధియే ప్రమాదానికి చాలును.

ఆరవది, సామాను కట్టి ఉంచడం. హోమ్ ఫోల్డరును టార్ అనే కమాండుతో ఒక మూటగా కట్టి వేరొక డిస్కుమీద దాచవలెను. తరువాత ఫైండ్ అనే కమాండుతో ఆ సంఖ్య గల ఫైళ్లు సర్వరులో ఇంకెక్కడ ఉన్నాయో వెదకవలెను. హోమ్ ఫోల్డరు వెలుపల ఉన్నవాటిని యూజర్‌డెల్ వెదకి తొలగించదు. మా పత్రిక ఫోల్డరులో మిగిలిపోయినవి ఇటువంటివే. అందరికీ చెందిన ఫైళ్లను బాధ్యత వహించే అధ్యాపకుని పేరుకు మార్చి, సొంతవాటిని సొంతదారుకు అప్పగించవలెను.

ఏడవది, రద్దు. ఇప్పుడు యూజర్‌డెల్ కమాండును బలవంతపు ఐచ్ఛికం లేకుండా వాడవలెను. ఖాతా వాడుకలో ఉన్నదని అది మళ్లీ నిరాకరిస్తే ఐదవ మెట్టులో ఏదో మిగిలిపోయినదని అర్థం. వెనుకకు పోయి చూడవలెను. బలవంతపు ఐచ్ఛికం ప్రమాదకరమైనదనీ, సిస్టమ్‌ను పొందికలేని స్థితిలో వదలవచ్చుననీ ఆ కమాండు వివరణ పుటలోనే హెచ్చరిక ఉన్నది. మేము ఆ ఐచ్ఛికాన్ని చదివాము. దానికింది హెచ్చరికను చదవలేదు.

ఎనిమిదవది, సంఖ్యను మళ్లీ ఇవ్వకపోవడం. ఇచ్చిన సంఖ్యలన్నిటికీ ఒక పుస్తకం ఉంచి, కొత్త ఖాతా తెరిచేటప్పుడు సంఖ్యను మనమే చెప్పవలెను. అనుభవజ్ఞులైన నిర్వాహకులు కొందరు అసలు పంక్తిని కొట్టివేయనే కొట్టివేయరు. ఖాతాను శాశ్వతంగా మూసి, పేరును అట్లే ఉంచుతారు. అట్లు చేస్తే పాత ఫైళ్లమీద పాత పేరే కనిపిస్తుంది. సంఖ్య మరొకరికి పోదు. కళాశాల వంటి చోట ఇది మేలైన పద్ధతి.

చేతిలోని ఫోను సంగతి

ఇదంతా సర్వరు నడిపేవారికి సంబంధించిన విషయమని విద్యార్థులు భావించరాదు. మనం ఫోనులో వాడే సేవలలోనూ ఇదే ధర్మం పనిచేస్తున్నది. ఒకసారి లాగిన్ అయిన తరువాత ఆ సేవ మన ఫోనుకు ఒక ప్రవేశచీటీని ఇస్తుంది. తరువాత ప్రతిసారీ ఫోను చూపేది పాస్‌వర్డును కాదు, ఆ చీటీని. చీటీలలో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకం చీటీ వచ్చిన ప్రతిసారీ సర్వరు తన పుస్తకంలో సరిచూసుకొంటుంది. పుస్తకంలో కొట్టివేస్తే ఆ చీటీ వెంటనే చెల్లకుండా పోతుంది. రెండవ రకం చీటీమీదనే ముద్ర, గడువు ఉంటాయి. సర్వరు ముద్రను చూసి పంపివేస్తుంది. 2015లో ప్రమాణంగా ప్రకటించిన జేడబ్ల్యుటి అనే చీటీని సాధారణంగా ఈ విధంగా వాడతారు. ఈ రెండవ రకంలో ఖాతాను తొలగించినా చీటీ గడువు తీరేవరకు చెల్లుబాటు కావచ్చును. కనుక జాగ్రత్తగల సంస్థలు గడువును కొద్ది నిమిషాలకు కుదిస్తాయి, లేదా రద్దయిన చీటీల పట్టిక ఒకటి ఉంచుకొంటాయి.

ఖాతా తొలగించమని కోరిన తరువాత ఫేస్‌బుక్ 30 రోజులు ఆగుతుంది. ఆలోగా మనసు మార్చుకొంటే ఖాతాను తిరిగి పొందవచ్చును. ఇది కూడా బర్తరఫుకూ రద్దుకూ మధ్య ఉంచిన వ్యవధియే. విద్యార్థులు తమ ఖాతాను తొలగించదలచినప్పుడు ముందు తమ ఫొటోలు, ఉత్తరాలు దింపుకోవలెను. తరువాత అన్ని ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ లాగౌట్ కావలెను. చివరకు తొలగింపును కోరవలెను. నెట్ సెంటరులోనో, మిత్రుని ఫోనులోనో తెరిచి వదలిన ఖాతా మన ఇంటి తాళపుచెవిని పరుల చేతిలో వదలడం వంటిది.

కమిటీవారికి మనవి

కళాశాల కమిటీవారికి మేము చేసుకొనే మనవులు నాలుగు. వెళ్లిపోయే విద్యార్థుల జాబితాపై కార్యాలయంతో పాటు ఆయా శాఖల అధ్యాపకుల సంతకం కూడా ఉండవలెను. ఆ విద్యార్థిని పేరును చూసి ఆమె నివేదిక ఇంకా రాలేదని చెప్పగలిగిన అధ్యాపకుడు ఉండినాడు. జాబితా ఆయన చేతికి పోలేదు. ఖాతాను మూయడానికీ, తొలగించడానికీ మధ్య కనీసం రెండు నెలల వ్యవధి ఉండవలెను. సంఖ్యల పుస్తకం ఒకటి, హాజరు పట్టీ వలెనే, కంప్యూటరు గదిలో ఉండవలెను. వారానికి ఒకసారి విద్యార్థుల ఫైళ్లన్నిటికీ నకలు తీసి వేరొక డిస్కుమీద, వేరొక గదిలో భద్రపరచవలెను. వీటిలో ఖర్చుతో కూడినది చివరిది ఒక్కటే. ఒక డిస్కు ఖరీదు ఒక విద్యార్థి నాలుగు నెలల శ్రమకంటె ఎక్కువ కాదు.

విద్యార్థులకు ఒక మాట. మీరు రేపు బ్యాంకులలో, ఆసుపత్రులలో, ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేయబోతున్నారు. ఎవరో ఒకరి ఖాతాను తొలగించే అధికారం మీ చేతికి వస్తుంది. ఆ పేరు వెనుక అప్పటికీ కూర్చుని పనిచేసుకొంటున్న మనిషి ఒకరు ఉండవచ్చును. ఆనాడు సర్వరు మాకు చెప్పిన వాక్యం మొండితనం కాదు. ఇక్కడ ఎవరో ఉన్నారు, చూసుకోండి అని చెప్పిన మాట. మేము తల తిప్పి కిటికీవైపు చూసి ఉంటే సరిపోయేది. యంత్రం నిరాకరించినప్పుడు బలప్రయోగానికి ముందు లేచి వెళ్లి ఆ గదిని ఒకసారి చూడండి.